ఈ రాత్రికే ఈ ధర

బ్రిటన్‌లో ఇళ్ళకు కిటికీలు అమ్మే పెద్ద కంపెనీలు కొన్నేళ్ళుగా ఒకదాని వెనక ఒకటి కూలుతున్నాయి. షేర్ మార్కెట్‌కు ఎక్కిన ఎన్టూ మూడేళ్ళు తిరక్కుండానే 2017 ఆగస్టులో చేతులెత్తేసింది. 1960ల నుంచి అక్కడ ఇంటింటా తెలిసిన ఎవరెస్ట్ 2020 జూన్‌లో ఒకసారి, 2024 ఏప్రిల్‌లో ఇంకోసారి పడింది. ఈ రెంటి మధ్యలో, 2023 అక్టోబరు 30న, బ్రాడ్‌ఫర్డ్‌లోని సేఫ్‌స్టైల్ వంతు వచ్చింది. దాదాపు 680 మంది ఉద్యోగాలు పోయాయి. డిపాజిట్ కట్టి కిటికీల కోసం ఎదురుచూస్తున్నవాళ్ళను, డబ్బు కోసం మీ కార్డు కంపెనీని అడిగి చూసుకోండి అన్నారు. అప్పులు తీర్చలేని కంపెనీని దివాలా నిపుణులకు అప్పగించడాన్ని అక్కడ అడ్మినిస్ట్రేషన్ అంటారు. ఈ మూడూ చేరింది అక్కడికే.

డబుల్ గ్లేజింగ్ అంటే ఒకే చట్రంలో రెండు అద్దాలు, మధ్యలో వేలి మందం ఖాళీ, ఆ ఖాళీలో ఆర్గాన్ వాయువు. చలిదేశంలో అది విలాసం కాదు. సరుకు మంచిదే. మరి దాన్ని అమ్మేవాళ్ళకు అంత చెడ్డపేరు ఎందుకు వచ్చింది? 1980ల నాటి ఎసెక్స్ కిటికీల సేల్స్‌మెన్ మీద బీబీసీ 2017లో ‘వైట్ గోల్డ్’ అనే హాస్య సీరియల్ తీసిందంటే ఆ పేరు ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. ఆ చెడ్డపేరుకీ ఈ దివాలాలకీ సంబంధం ఉందా?

ఉందంటాడు మేనల్లుడు. లేదంటాడు మామయ్య. మామయ్యది తెనాలి వైపు. ఇంగ్లండ్ వెళ్ళి ఒక కిటికీల కంపెనీలో సేల్స్ రెప్‌గా మొదలుపెట్టి ఏరియా మేనేజర్ దాకా ఎదిగాడు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అక్కర్లేదు. మేనల్లుడు మూతపడిన కంపెనీల లెక్కలు చూసే అకౌంటెంట్. నా అభిప్రాయం దాచుకోను. నేను మేనల్లుడి పక్షం. అయినా మామయ్య మాటల్లో కొట్టిపారెయ్యలేనివి ఉన్నాయి, వాటినీ ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

మేనల్లుడు: మామయ్యా, సూటిగా అడుగుతాను. ఒకే ఇల్లు, అవే కిటికీలు. సాయంత్రం ఏడింటికి పన్నెండు వేల పౌండ్లన్నది రాత్రి పదింటికి ఆరున్నర వేలు ఎలా అవుతుంది?

మామయ్య: బేరం లేని వ్యాపారం ఎక్కడుందిరా? తెనాలిలో బట్టల కొట్టుకెళ్తే మీ అమ్మ సగానికి అడిగేది. కొట్టువాడు మోసగాడయ్యాడా?

మేనల్లుడు: మా అమ్మ అడిగేది, మామయ్యా. అక్కడ బేరమాడేది కొనేవాళ్ళు. ధర నచ్చకపోతే లేచి పక్క కొట్టుకి వెళ్తారు. ఇక్కడ బేరం మొత్తం మీ రెప్ ఒక్కడే ఆడతాడు. ఎంత చెప్పాలి, ఎంత తగ్గాలి, ఏ నిమిషంలో తగ్గాలి అన్నీ ముందే నేర్పి పంపిస్తారు. లేచి వెళ్ళిపోదామంటే కొనేవాళ్ళు ఎక్కడికి వెళ్తారు? అది వాళ్ళ ఇల్లే.

మామయ్య: నేర్పకుండా పంపిస్తే రోడ్డు మీద పడతాడు. నేను ఎలా అమ్మేవాణ్ణో చెప్తాను, విని తప్పేదో నువ్వే చెప్పు. బయల్దేరే ముందు అపాయింట్‌మెంట్ కాగితంలో ఒకటే చూసేవాణ్ణి, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉంటారా లేదా అని. ఒక్కరే ఉంటే వెళ్ళను. ఇంట్లో అడిగి చెప్తామనే మాటకి చోటుండకూడదు. వెళ్ళాక సోఫాలో కూర్చోను, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుందామంటాను. టీ ఇస్తే కాదనను. ముందు ఇల్లంతా తిరిగి ప్రతి కిటికీ కొలుస్తాను.

మేనల్లుడు: కొలతలు తర్వాత సర్వేయర్ వచ్చి తీసుకుంటాడుగా?

మామయ్య: అసలు కొలతలు ఆయనవే. నేను కొలిచేది వాళ్ళు నా వెంట తిరగడానికి. పుచ్చిన చెక్క, అద్దం లోపల పట్టిన తేమ, గడియ పడని రెక్క, ఇవన్నీ నేను చెప్పను. టేపు అక్కడ ఆపుతానంతే. వాళ్ళే చూసుకుంటారు. తర్వాత బ్యాగులోంచి చట్రం మూల ముక్క తీసి చేతికిస్తాను, లోపల స్టీలు చూడమంటాను. ఒక దీపం ఉంటుంది, వేడి దీపం. మామూలు అద్దం వెనక పెడితే ఇవతల చెయ్యి కాలుతుంది, మా అద్దం వెనక పెడితే గోరువెచ్చగా ఉంటుంది. ఇంటి వేడి అటు పోయేదీ ఇలాగే అని చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ధరల పుస్తకం. పన్నెండు వేలు అని రాసి కాగితం వాళ్ళవైపు తిప్పి ఊరుకుంటాను. ముందు ఎవరు నోరు తెరిస్తే వాళ్ళు ఓడినట్టు, ఇది మా గురువు చెప్పిన మొదటి పాఠం. పాత కిటికీలు మేం తీసుకుపోతే కొంత తగ్గింపు, ముందు తోటలో మా బోర్డు పెట్టనిస్తే కొంత, ఫోటోలు తీసుకోనిస్తే కొంత. తొమ్మిది వేలకు దిగుతాం. ఆఖరికి మేనేజర్‌కు ఫోన్. ఈ రాత్రే సంతకమైతే ఆరున్నర. రేపు పొద్దున్న మళ్ళీ పుస్తకం ధరే.

మేనల్లుడు: ఆ ఫోన్లో మేనేజర్ ఏమనేవాడు?

మామయ్య: తర్వాత ఆ మేనేజర్ని నేనే కదా. రెప్‌కి ఆరున్నర సంగతి ఇంట్లో అడుగుపెట్టే ముందే తెలుసు. నేను ఊఁ కొట్టేవాణ్ణి.

మేనల్లుడు: అంటే రేపు ఈ ధర ఉండదన్న మాట అబద్ధం. వినియోగదారుల రక్షణ కోసం తెచ్చిన 2008 నిబంధనల్లో దాన్ని పేరు పెట్టి నిషేధించారు. లేని గడువుని ఉన్నట్టు చెప్పి అప్పటికప్పుడు నిర్ణయం తీసుకునేలా చెయ్యడం నేరం. వెళ్ళిపొమ్మన్నా ఇంట్లోంచి కదలకపోవడమూ నేరమే.

మామయ్య: పొమ్మంటే పోయేవాణ్ణే. పొమ్మన్నవాళ్ళు చాలా తక్కువ మంది.

మేనల్లుడు: టీ ఇచ్చాక పొమ్మని ఎలా అంటారు, మామయ్యా? ముప్పావు గంట ఇల్లంతా చూపించి, మూడు గంటలు కూర్చోబెట్టాక మొహమాటం పడని మనిషి ఉంటాడా? మీరు అమ్మింది కిటికీలని. వాళ్ళు కొన్నది మీరు లేచి వెళ్ళడాన్ని.

ఈ మాటకు మామయ్యకు కోపం వచ్చింది. ఆ కోపంలో అన్యాయం లేదు. తన సరుకు మీద ఆయనకు నిజమైన నమ్మకం ఉంది. ఆ నమ్మకం తప్పు కాదు కూడా.

మామయ్య: నోరు జారకు. నేను గాలి అమ్మలేదు. ఒంటి అద్దం కిటికీలోంచి పోయే వేడి లెక్క ఐదు దగ్గరుంటుంది. పాతకాలపు డబుల్ గ్లేజింగ్ మూడుకి కాస్త తక్కువ. 2022 జూన్ నుంచి ఇంగ్లండ్‌లో కొత్తగా మార్చే కిటికీ 1.4 దాటకూడదని నిబంధన. ఐదెక్కడ, ఒకటిన్నర ఎక్కడ! మన పిల్లలు ఐటీ ఉద్యోగాలకి వచ్చి 1930ల నాటి జంట ఇళ్ళు కొంటారు. జనవరిలో కిటికీ పక్కన మంచం వేసుకోలేరు, గోడలకి నల్ల బూజు, పిల్లలకి దగ్గు. అయినా కిటికీలు మార్చుకుందామని ఎవరికి వాళ్ళు లేచి కొట్టుకి రారు. కారు కొంటారు, వంటగది మార్చుకుంటారు, సెలవులకి స్పెయిన్ వెళ్తారు. కిటికీ అలాగే ఉంటుంది. తలుపు కొట్టేవాడు ఒకడు ఉండాలి. బ్రిటన్‌లో ఒంటి అద్దం ఇళ్ళు ఇంతగా తగ్గాయంటే అందులో మేం అరగదీసిన బూట్లు ఉన్నాయి.

మేనల్లుడు: తలుపు కొట్టొద్దని నేను అనలేదు. సరుకులో ఇంత నిజం ఉంటే అబద్ధం ఎందుకు కావలసివచ్చిందని అడుగుతున్నాను. ఎవరెస్ట్ వాళ్ళ పాత టీవీ ప్రకటన మీరే నాకు చెప్పారు.

మామయ్య: టెడ్ మౌల్ట్‌ది. రైతు, రేడియో మనిషి. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా ఎత్తున ఉన్న పబ్, టాన్ హిల్ ఇన్. బయట ఈదురుగాలి మనిషిని నిలబడనివ్వదు. లోపల మూసిన కిటికీ పక్కన ఒక ఈక వదిలాడు. నిలువునా కిందకి జారింది. పక్కకి వెంట్రుకవాసి కదల్లేదు.

మేనల్లుడు: ఒక్క ఈకతో అమ్మాడు. మేనేజర్‌కి ఫోన్ చెయ్యలేదు.

మామయ్య: ఆ ఈక ఫోన్లు మోగించింది. సంతకం పెట్టించింది మాత్రం రెప్పే. ఆ తేడా లెక్కల పుస్తకాల్లో నీకు కనపడదు. నేను వెళ్ళిపోతే ఏమవుతుందో తెలుసా? ఆలోచించుకుని పిలుస్తామంటారు. మా వాళ్ళలో ఒక మాట ఉంది, మళ్ళీ పిలుస్తామన్నవాళ్ళు పిలవరని. నేను మూడు గంటలు కూర్చుని అన్నీ వివరిస్తాను. మర్నాడు వీధి చివర ఇద్దరు మనుషుల చిన్న కంపెనీవాడు వచ్చి నా కాగితం చూసి నాకన్నా వెయ్యి తక్కువకి చేస్తానంటాడు. వాడికి టీవీ ప్రకటన లేదు, కాల్ సెంటర్ లేదు, తలుపులు కొట్టే కుర్రాళ్ళు లేరు. మా లీడ్ ఖర్చు ఎవరిస్తారు?

నాకు తెలిసి ఈ వాదన మొత్తంలో అసలు ముడి ఇదే. లీడ్ అంటే కొంటారేమోనని రాసుకున్న ఒక ఇంటి చిరునామా. దాని కోసం ప్రకటనలకు డబ్బు పెట్టాలి. సాయంత్రం పూట వీధుల్లో తిరిగే కుర్రాళ్ళకు ఇవ్వాలి. అపాయింట్‌మెంట్ ఖాయం చేసే ఫోన్ అమ్మాయికి ఇవ్వాలి. రెప్‌కి కమీషన్, ఆ కమీషన్ మీద మేనేజర్‌కు వాటా. చట్రం, అద్దం, బిగించే కూలీ ఇంకా లెక్కలోకి రానే లేదు. వద్దన్న పది ఇళ్ళ ఖర్చు సరేనన్న ఒక్క ఇల్లు మొయ్యాలి.

మేనల్లుడు: సరిగ్గా చెప్పారు. వీధి చివర కంపెనీవాడు వెయ్యి తక్కువకి ఇవ్వగలిగాడంటే ఆ వెయ్యి కిటికీది కాదు, అమ్మకానిది. అద్దం అదే, చట్రం దాదాపు అదే. కొనేవాడు తనని ఒప్పించడానికి అయిన ఖర్చు తనే కట్టుకుంటున్నాడు. ఆ సంగతి అతనికి తెలియకుండా ఉండాలంటే రెండో కొటేషన్ చూడనివ్వకూడదు. రెండో కొటేషన్ చూడకూడదంటే రాత్రికి రాత్రే సంతకం అయిపోవాలి. అంచేత ఆ ఒత్తిడి ఎవరో ఒక చెడ్డ రెప్ చేసిన పని కాదు. అది లేకపోతే ఆ ధర నిలవదు.

మామయ్య: అలా అంటే ప్రతి పెద్ద కంపెనీ ధరలోనూ ప్రకటన ఖర్చు ఉంటుంది.

మేనల్లుడు: ఉంటుంది. సబ్బు మీద ఉంటుంది, టీవీ మీద ఉంటుంది. కాని అక్కడ ధర అట్ట మీద అచ్చేసి ఉంటుంది, పది కొట్లలో పోల్చుకోవచ్చు. మీ ధర మనిషిని బట్టి. గట్టిగా కాదన్నవాడికి ఆరున్నర, మెత్తనివాడికి ఎనిమిది. ఒంటరిగా ఉన్న ముసలావిడకి?

మామయ్య: ఒంటరివాళ్ళ ఇళ్ళకి నేను వెళ్ళలేదన్నానుగా.

మేనల్లుడు: మీరు వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు చాలామంది ఉండబట్టే 2002లో అక్కడి సిటిజన్స్ అడ్వైస్ వాళ్ళు ఇంటింటి అమ్మకాల మీద ప్రభుత్వానికి పెద్ద ఫిర్యాదు పెట్టారు. దాని మీద విచారణ జరిపి వ్యాపార నియంత్రణ సంస్థ 2004లో నివేదిక ఇచ్చింది. అంతకుముందు 1987 నాటి నిబంధన ఒకటి ఉండేది. పిలవకుండా వచ్చి అమ్మితే ఏడు రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. మనమే రమ్మని పిలిస్తే ఆ హక్కు లేదు. 2008లో గాని పిలిచినవాళ్ళకి కూడా ఆ హక్కు రాలేదు.

మామయ్య: ఆ హక్కు వచ్చాకే కదా మా రెప్‌ల నడుం విరిగింది. వాళ్ళ సంగతి నీకు పట్టదు. జీతం లేదు. పెట్రోలు సొంతం, కారు సొంతం. పేరుకి స్వయం ఉపాధి. వారంలో ఆరు ఇళ్ళకి వెళ్ళి ఒక్క సంతకం లేకపోతే ఆ వారం సున్నా. సంతకం వచ్చినా ఐదో రోజు రద్దు చేసుకుంటే తీసుకున్న కమీషన్ వెనక్కి కోసేస్తారు. డిసెంబరులో పిల్లలకి బొమ్మలు కొన్న డబ్బు జనవరిలో కోసేస్తే ఏడ్చినవాణ్ణి నేను చూశాను. ఒత్తిడి ఒత్తిడి అంటావు, ఆ టేబుల్‌కి అటుపక్క ఉన్నవాళ్ళ మీద ఎంత ఉందో ఇటుపక్క వాడి మీద అంతకు రెండింతలుంది.

మేనల్లుడు: మీ మాట ఒప్పుకుంటాను. జీతం లేని మనిషిని అపరిచితుల ఇంటికి పంపి, అమ్మకుండా రావద్దన్న కంపెనీ ముందు అతన్ని దోచింది, తర్వాత అతనితో దోపించింది. దాని ఫలితం కంపెనీకే తగిలింది చూడండి. సేఫ్‌స్టైల్ 2013 డిసెంబరులో షేర్ మార్కెట్‌కు వచ్చింది. లాభాలు, డివిడెండ్లు బాగానే ఉన్నాయి. 2018లో కొత్తగా ఒక పోటీ కంపెనీ పుట్టి సేల్స్‌వాళ్ళని, బిగించేవాళ్ళని గుంపులుగా పట్టుకుపోయింది. లాభం మాయమై నష్టం వచ్చింది. వ్యవహారం కోర్టు గొడవల దాకా వెళ్ళింది. ఆ మనుషులకి జీతం, సెలవు, పింఛను ఉంటే ఒక్క పిలుపుకి అంతమంది వెళ్ళిపోయేవారా? మనిషికి కంపెనీతో ఏ బంధం లేకుండా చేశాక ఆ మనిషే కంపెనీ ఆస్తి అనుకోవడం ఏ లెక్క?

మామయ్య: 2018 దెబ్బ నుంచి తేరుకుంది. చంపింది అది కాదు. 2022 అక్టోబరులో ధరల పెరుగుదల 11.1 శాతం. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ 2021 డిసెంబరు దాకా 0.1, 2023 ఆగస్టుకి 5.25. ఇంటి అప్పు కిస్తీ నెలకి నాలుగైదు వందలు పెరిగినవాడు కిటికీలు కొంటాడా? అద్దం ధర పెరిగింది, పీవీసీ ధర పెరిగింది. మేం మూడు నెలల కిందట సంతకం చేసిన ధరకే బిగించి ఇవ్వాలి. పైగా సోలార్ పలకలకీ గోడల ఇన్సులేషన్‌కీ వ్యాట్ సున్నా, కిటికీలకి మాత్రం 20 శాతం. ఈ దెబ్బకి ఏ అబద్ధమూ ఆడని చిన్న కంపెనీలు కూడా పోయాయి. వాటిని ఏ ఒత్తిడి చంపింది?

ఇక్కడ మామయ్య చెప్పిన అంకెలన్నీ సరైనవే. వ్యాట్ విషయంలో ఆయన ఫిర్యాదు న్యాయమైనది కూడా. వేడి పోకుండా చేసే సరుకుల జాబితాలో కిటికీని చేర్చకపోవడానికి గట్టి కారణం నాకు కనిపించదు.

మేనల్లుడు: వరద అందరి మీదకీ వచ్చింది, నిజమే. అయితే ఆ కంపెనీలు ఏ పునాది మీద నిలబడ్డాయో చూడాలి. నేను పుస్తకాల్లో చూసింది చెప్తాను. ఏ కంపెనీ అని కాదు, ఈ రకం కంపెనీలన్నీ. సంతకం రోజున డిపాజిట్ వస్తుంది. కిటికీ బిగించేది ఎనిమిది, పది వారాలకి. ఈలోపు ఆ డబ్బు ఎక్కడుంటుంది?

మామయ్య: కంపెనీ ఖాతాలో.

మేనల్లుడు: ఖాతాలో వారం కూడా ఉండదు. రెప్ కమీషన్‌కి, వచ్చే నెల ప్రకటనలకి, మొన్నటి ఆర్డర్ల అద్దాలకి వెళ్ళిపోతుంది. మీ కిటికీకి కావలసిన అద్దం మీ తర్వాత సంతకం పెట్టినవాళ్ళ డబ్బుతో కొంటారు. మన ఊళ్ళో చీటీలు వేసే మనిషి పాత పాటలవాళ్ళకి కొత్త చీటీ డబ్బుతో సర్దడం మొదలుపెడితే ఏమవుతుందో మీకు తెలుసు. చేరేవాళ్ళు ఆగనంతకాలం అంతా సక్రమంగానే కనిపిస్తుంది. ఆగిన నెలలో బయటపడుతుంది. అందుకే ప్రతి సోమవారం మీకు ఫోన్ వచ్చేది కదా, ఈ వారం ఎన్ని అని?

మామయ్య: వచ్చేది.

మేనల్లుడు: ఆ ఫోన్ లాభం కోసం అనుకున్నారు మీరు. నేను చూసిన పుస్తకాల్లో అది జీతాల రోజు గడవడం కోసం. అమ్మకాలు తగ్గితే ఒత్తిడి పెంచుతారు. ఒత్తిడి పెంచితే రద్దులు పెరుగుతాయి, ఫిర్యాదులు పెరుగుతాయి. పేరు పోతే లీడ్ ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఆ ఖర్చు కోసం మళ్ళీ ఒత్తిడి. వడ్డీలు ఐదు శాతానికి వెళ్ళిన ఏడాది ఇలాంటి కంపెనీ నిలవదు. వీధి చివర ఇద్దరు మనుషుల కంపెనీలో కొన్ని పోయాయి గాని, చాలావాటికి పాత ఖాతాదార్లే నోటిమాట మీద కొత్తవాళ్ళని పంపుతున్నారు. వాళ్ళకి లీడ్ ఊరికే వస్తుంది.

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. ఓడిపోయినవాడు అడిగే ప్రశ్నలా లేదు.

మామయ్య: అయితే పోయినప్పుడు ఎవరిది ఎంత పోయింది? రెప్‌లకి ఆఖరి కమీషన్ రాలేదు. బిగించేవాళ్ళకి నెల కూలి రాలేదు. ఖాతాదార్ల డిపాజిట్ నువ్వు చెప్తావు. అన్నీ పోతే మరి ఎవరికి వచ్చింది?

మేనల్లుడు: వరసలో ముందున్నవాళ్ళకి. తనఖా ఉన్న అప్పులవాళ్ళు, దివాలా నిపుణుల ఫీజులు, ఉద్యోగుల బకాయిల్లో కొంత భాగం. 2020 డిసెంబరు నుంచి పన్నుల శాఖ కూడా వ్యాట్ బాకీకి ముందు వరసలోకి వచ్చింది. దీని అర్థం చూడండి. ఒకావిడ 1,000 పౌండ్లు డిపాజిట్ కట్టింది. అందులో 166 పౌండ్ల చిల్లర వ్యాట్. కంపెనీ ఆ వ్యాట్ కట్టకుండా కూలితే ఆ 166 కోసం ప్రభుత్వం ఆవిడకన్నా ముందు నిలబడుతుంది. ఆవిడ కిటికీ ఆవిడకి రాలేదు. కట్టిన వెయ్యి మొత్తానికీ ఆవిడ వాళ్ళందరికన్నా వెనక. ఏమన్నా మిగిలితే పౌండుకి కొన్ని పెన్నీలు.

మామయ్య: కంపెనీని మళ్ళీ ఎవరో కొంటారుగా. పేరు అలాగే ఉంటుంది.

మేనల్లుడు: పేరు కొంటారు, ఆర్డర్లలో పనికొచ్చేవి కొంటారు. పాత గ్యారంటీలు మొయ్యాలని కొనేవాళ్ళ మీద చట్టం లేదు. పదేళ్ళ గ్యారంటీ అని బొమ్మతో సహా అచ్చేసిన కాగితం బీరువాలో ఉంటుంది. దాని మీదున్న పేరుతోనే బండి వీధిలో తిరుగుతుంటుంది. ఫోన్ చేస్తే ఆ కంపెనీ వేరు, మేం వేరు అంటారు. చట్టప్రకారం నిజమే.

మామయ్య: ఇప్పుడు చట్టం గట్టిపడిందిగా. 2025 ఏప్రిల్ నుంచి నియంత్రణ సంస్థే కోర్టుకెళ్ళకుండా టర్నోవర్‌లో పది శాతం దాకా జరిమానా వేస్తుందన్నారు.

మేనల్లుడు: బతికున్న కంపెనీ మీద వేస్తుంది. చచ్చినదాని మీద వేస్తే ఆ జరిమానా కూడా వరసలో నిలబడాల్సిందే. ఇంకోటి చూడండి. 2014 నుంచి ఇంట్లో కూర్చుని చేసిన కొనుగోలుకి రద్దు గడువు పద్నాలుగు రోజులు అయింది. కాని కొలతల ప్రకారం చేయించుకునే సరుకుకి ఆ హక్కు లేదు. కిటికీ అంటేనే కొలత ప్రకారం చేసేది. అందరికన్నా ఎక్కువగా ఆ హక్కు కావలసినవాళ్ళకే అది దక్కలేదు. కొన్ని కంపెనీలు తమంతట తాము కొన్ని రోజుల గడువు ఇస్తాయి. అది వాళ్ళ దయ, మన హక్కు కాదు. ముందుగా డబ్బు కట్టినవాళ్ళలో కొందరికైనా వరసలో కాస్త ముందు చోటివ్వమని 2016లో అక్కడి లా కమిషన్ సిఫారసు చేసింది. అది ఇంతవరకు చట్టం కాలేదు.

హైదరాబాద్ పాఠకులకు ఈ కథంతా ఎక్కడో విన్నట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. మాల్‌లో కూపన్ నింపించుకుంటారు. వారానికి ఫోన్ వస్తుంది, మీకు బహుమతి వచ్చింది, ఫలానా హోటల్‌కి రండి, దంపతులిద్దరూ తప్పనిసరిగా రావాలి అని. హాలిడే క్లబ్ మెంబర్‌షిప్. అక్కడా మూడు గంటలు, అక్కడా తగ్గుతూ వచ్చే ధర, అక్కడా ఈ రోజుకే అన్న మాట. భార్యాభర్తలిద్దరూ ఉండాలన్న షరతు వినగానే మామయ్య కాగితం నాకు గుర్తొస్తుంది. 2023 నవంబరులో మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, లేని తొందర పుట్టించి అమ్మడాన్ని తప్పుడు పద్ధతుల జాబితాలో చేర్చింది. అయితే ఆ మార్గదర్శకాలు వెబ్‌సైట్లను, యాప్‌లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. హోటల్ గదిలో దంపతులను కూర్చోబెట్టేవాళ్ళకు కూడా అంత స్పష్టంగా చెప్పాల్సింది.

మామయ్య: సరే, నన్ను ఏం చెయ్యమంటావు? అమ్మకం మానేసి కొట్లో కూర్చుంటే కంపెనీ నడుస్తుందా?

మేనల్లుడు: మూడు పనులు చేస్తే నడుస్తుంది. రెప్‌కి జీతం ఇవ్వండి. మొదటే ఒక్క ధర చెప్పి, నెల రోజులు అదే ఉంటుందని కాగితం మీద రాసివ్వండి. డిపాజిట్ కంపెనీ ఖాతాలో కాకుండా విడి ఖాతాలో పెట్టి, కిటికీ బిగించాకే తీసుకోండి.

మామయ్య: మొదటి రెండూ చేస్తాను. మూడోది చేస్తే సగం కంపెనీలు ఈ వారమే మూస్తారు.

మేనల్లుడు: ఆ సగం ఏవో కట్టేవాళ్ళకి ముందే తెలియాలనే నేనూ అంటున్నది.

దీనికి మామయ్య జవాబు చెప్పలేదు. ఒప్పుకున్నాడని నేను అనను. ఒత్తిడి తప్పేగాని కంపెనీలను చంపింది వడ్డీలేనని ఆయన ఇప్పటికీ అంటాడు. నా తీర్పు వేరు. సొంత డబ్బు మీద కాక ఖాతాదార్ల డిపాజిట్ల మీద నడిచే కంపెనీకి ఒత్తిడి తప్పనిసరి అవసరం. ఆ అవసరమే దాన్ని కూల్చింది. వడ్డీలు తేదీని నిర్ణయించాయి.

బ్రిటన్‌లో ఇల్లు కొన్న మనవాళ్ళకు ఒక విన్నపం. రెప్ ఎంత మంచివాడైనా, ఎంత తగ్గించినా ఆ రాత్రి సంతకం పెట్టకండి. ధర కాగితం మీద రాయించుకుని పంపించండి, ఇంకో ఇద్దరిని పిలిచి చూడండి. డిపాజిట్‌లో కొంతైనా క్రెడిట్ కార్డు మీద కట్టండి. కిటికీల వెల 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే, కంపెనీ కూలినా 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ కింద కార్డు ఇచ్చిన బ్యాంకును మీరు అడగవచ్చు. డెబిట్ కార్డుకు, బ్యాంకు బదిలీకి ఆ రక్షణ లేదు. పని పూర్తయ్యాక ఫెన్సా లాంటి సంస్థ సర్టిఫికెట్, కంపెనీ లేకపోయినా పనికొచ్చే ఇన్సూరెన్స్ గ్యారంటీ పత్రం మీ పేరున వచ్చాయో లేదో చూసుకుని ఇంటి దస్తావేజులతో పాటు దాచండి. 2002 ఏప్రిల్ తర్వాత మార్చిన కిటికీలకు, ఇల్లు అమ్మే రోజున లాయర్లు ఆ సర్టిఫికెట్ అడుగుతారు.